కార్తెలును మన తోటలును

సంఘ సమావేశములందును, రచ్చబండల యొద్దను ఇటీవల తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “కార్తెలు తప్పినవి. రోహిణిలో వానయు, మఖలో ఎండయు వచ్చుచున్నవి. మామిడి పూయవలసిన దినములలో చిగిర్చుచున్నది. నిమ్మతోట ఎండవలసిన దినములలో తడియుచున్నది” అని పెద్దలు చెప్పుచున్నారు. ఈ మాటయందు నిజము కలదు, పొరపాటును కలదు. ఆ రెండింటిని విడదీసి తెలిసికొననిచో మనము చేయు సేద్యమును, సంఘము చేయు సాయమును గూడ వేళ దప్పును.

నేను చెప్పదలచినది క్లుప్తముగా నిది. ఋతువు మొత్తముగా ఒక్కమాఱు జరుగలేదు. దానియందు కొంత భాగము కదలినది, కొంత భాగము కదలలేదు. తోటలోని ఒక్కొక్క మొక్క ఒక్కొక్క భాగమును చూచి పూయును. కావున అన్ని పనులను తేదీని బట్టి చేయుటయు తప్పే, అన్ని పనులను పది దినములు వెనుకకు జరుపుటయు తప్పే. మొక్కను చూచి పని చేయవలెను. చూచినదానిని వ్రాసి పెట్టుకొను పుస్తకము ప్రతి సంఘమునందును ఉండవలెను.

కార్తెల లెక్క

సూర్యుడు అశ్విని మొదలు రేవతి వఱకు గల 27 నక్షత్రములలో ఒక్కొక్క దానియందు 13 లేక 14 దినములుండును. ఆ కాలమునే కార్తె యందుము. రోహిణి మే 25వ తేదీ ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, హస్త సెప్టెంబరు 27 ప్రాంతమునను ప్రవేశించుట రైతు లెల్ల రెఱిగినదే. ఈ లెక్క నక్షత్రములను బట్టినది. ఎండయు, చలియు, పగటి నిడివియు భూమి వాలును బట్టినవి. ఈ రెండు లెక్కలును పూర్తిగా నొక్కటి కావు. రమారమి 72 సంవత్సరముల కొక దినము చొప్పున కార్తెలు ఋతువులకంటె వెనుకబడుచుండును. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలో జరుగుచుండగా, మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుటకు కారణ మిదియే. ఈ యెడము ఇంతగా పెరుగుటకు సుమారు 1700 సంవత్సరములు పట్టినది.

అనగా ఒక మనుష్యుని జీవితకాలములో కార్తె జరుగునది ఒక్క దినము మాత్రమే. తాతగారి కాలమున పుష్యమాసపు తొలిదినములలో పూసిన చెట్టు నేడు మూడు వారములు ఆలస్యముగా పూచినచో ఆ తప్పు కార్తెది కాదు. రైలుబండి ఆలస్యమైనందుకు స్టేషనులోని గడియారమును నిందింపరాదు గదా.

పండుగలతో పోల్చుటయందు మఱింత జాగ్రత్త వలయును. “ఉగాదికి వేపపూవు దొరుకలేదు, కాలము మాఱినది” అనువారు కలరు. ఉగాది చాంద్రమానమున వచ్చు పండుగ. అది 2024లో ఏప్రిల్ 9న వచ్చినది, 2025లో మార్చి 30న వచ్చినది. ఒక్క యేటికే పది దినముల తేడా. వేపచెట్టునకు తిథి తెలియదు. కాబట్టి పూత యెప్పుడు వచ్చినదో కొలుచుకొనదలచినవారు ఇంగ్లీషు తేదీని గాని, కార్తెలో ఎన్నవ దినమో దానిని గాని వ్రాసికొనవలయును. తిథిని బట్టి కొలుచుట పనికిరాదు.

కదలినదేది, కదలనిదేది

ఋతువు అనునది మనకు ఒక్కటిగా తోచు మూడు వస్తువుల కలయిక. అవి పగటి వెలుగు నిడివి, గాలి వేడి, నేల తడి.

వీనిలో వెలుగు కదలలేదు. విజయవాడ ప్రాంతమున మిక్కిలి పొడవైన పగలు 13 గంటల ప్రాంతమునను, మిక్కిలి పొట్టి పగలు 11 గంటల పైచిలుకునను ఉండును. మన తాతల కాలమునను ఇంతే, మన మనుమల కాలమునను ఇంతే.

వేడి కదలినది. కేంద్ర ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖవారు 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు వేడి సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. 1901 తరువాతి లెక్కలలో 2024వ సంవత్సరము దేశమునకంతటికి మిక్కిలి వేడియైన సంవత్సరముగా నమోదైనది.

తడియొక్క నడక చెదరినది. 2023 ఆగస్టు నెల 1901 తరువాత దేశమునందు మిక్కిలి తక్కువ వాన కురిసిన ఆగస్టు. ఆ సంవత్సరమే డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటి, ఎండవలసిన తోటలను ముంచినది. 2025లో నైరుతి ఋతుపవనము మే 24న, అనగా రోహిణి ప్రవేశింపక మునుపే, కేరళమును చేరినది. రోహిణి ఎండకు రోళ్లు పగులునన్న సామెత ఆ యేడు చెల్లలేదు. వాతావరణ శాఖవారు సయితము 2020లో తమ సాధారణ తేదీలను సవరించి, ఋతుపవనము వాయవ్య భారతమునుండి మరలుట ప్రారంభించు దినమును సెప్టెంబరు 1నుండి 17కు మార్చిరి. కొలతలు చూచి లెక్క మార్చుకొనుట వారికి చిన్నతనము కాలేదు, మనకును కానక్కరలేదు.

వెలుగును నమ్ము మొక్కలు

పందిరి చిక్కుడు నాటురకములును, చామంతియు పగలు కుఱుచయగుటను చూచి పూయును. చిక్కుడు జూన్, జూలైలలో పెట్టినను ఆగస్టులో పెట్టినను, పగలు తగ్గిన పిమ్మటనే పూత పట్టి, శీతకాలమున కాయును. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టుటకు మన స్త్రీల కెన్నడును కాయలు కొఱవడకుండుటకు ఇదియే హేతువు.

ఇట్టి మొక్కల విషయమున పూర్వపు తేదీయే మంచిది. “వాన వెనుకబడినది గదా, చిక్కుడును సెప్టెంబరులో పెట్టుదము” అనుట నష్టము. వాన ఆలస్యమైనను పగలు కుఱుచయగుట ఆలస్యము కాదు. తీగ పందిరి కెక్కకముందే పూత పట్టి, కాపు తక్కువయగును. వాన రానిచో బిందెతో నీరు పోసియైనను వేళకు విత్తుట మేలు. చామంతి పిలకలు నాటుటయు నట్టిదే. ఏ కాలమునందైనను కాయు పొట్టి చిక్కుడు రకములకు మాత్ర మీ నియమము లేదు.

మామిడి

మామిడి చలిని, పొడిని చూచు చెట్టు. కోత ముగిసిన పిమ్మట వేసిన చిగురు నాలుగైదు నెలలు ముదురవలెను. నేల కొంత కాలము ఎండవలెను. రాత్రివేడి 20 డిగ్రీలకు దిగువగా కొన్ని వారములు నిలువవలెను. ఈ మూడును కుదిరినచో కొనమొగ్గ పూతయగును. లేనిచో ఆ మొగ్గయే ఆకై విచ్చును. మొగ్గ కదలిన పిమ్మట రాత్రులు వేడెక్కినచో పూతలోనే ఆకులు కలసి వచ్చుటయు కలదు.

మన కోస్తా మండలములలో శీతకాలపు రాత్రులు ఈ హద్దుకు మిక్కిలి దిగువకు పోవు. చలిదేశములలో ఒక డిగ్రీ పెరిగినను చెట్టునకు కావలసిన చలి ఇంకను మిగిలియుండును. మనకు లభించు చలి అంచుమీది చలి. ఆ యంచున ఒక డిగ్రీ పెరుగుట యనగా పూతయే తగ్గుట కావచ్చును. దానికి తోడు నవంబరు, డిసెంబరులలో తుపాను వానలు పడినచో నేల తడిసి, చెట్టు చిగురునకు దిగును. ఆ లేతచిగురు ఆ యేడు పూయదు.

ఇందులకు మనము చేయదగిన పనులు కొన్ని కలవు. కోత యైన వెంటనే ఎండుపుల్లలు తీసివేసి, ఎఱువు వేసి, జూలై లోపల చిగురు వచ్చునట్లు చూడవలెను. ముందు వచ్చిన చిగురు ముందు ముదురును. అక్టోబరు చివరనుండి పిందె బఠాణి గింజంత యగువఱకు కాపుచెట్లకు నీరు కట్టరాదు. చిగురు ముదిరియుండియు మొగ్గ కదలనిచో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి చల్లుట వాడుకలో నున్నది. ఆకు లేతగా నున్న చెట్టునకు ఆ మందు చల్లినచో సొమ్ము పోవుటయే ఫలము.

మందులు చల్లుటయందును తేదీ కంటె పూతదశ ప్రధానము. తేనెమంచు పురుగునకును, బూడిద తెగులునకును “సంక్రాంతి కొక మాఱు, శివరాత్రి కొక మాఱు” అని చల్లువారు కలరు. పూత రెండు మూడు విడతలుగా వచ్చు సంవత్సరమున ఈ పద్ధతి చెల్లదు. పూమొగ్గ సాగు దశలో, పూలు విప్పకముందే, నీటిలో కరగు గంధకమును లీటరునకు 3 గ్రాముల చొప్పున చల్లినచో బూడిద తెగులు అణగును. పూలు నిండుగా విప్పిన దినములలో పురుగుమందు చల్లరాదు. పుప్పొడిని మోయు ఈగలును, తేనెటీగలును చచ్చినచో పూత ఎంత యున్నను పిందె నిలువదు.

“పూత కట్టించు మందుండగా ఈ బాధ యేల?” అని కొందఱు యువకు లడుగుచున్నారు. పాక్లోబ్యూట్రజాల్ అను ఆ మందు చెట్టు పెరుగుదలను అణచి పూతకు మరల్చును, నిజమే. అది చెట్టు విస్తీర్ణమును బట్టి కొలిచి, బలమైన చెట్లకు, తగిన ఎఱువుతో వాడవలసిన మందు. నేలయందు చాలకాలము నిలుచును. బలహీనమైన చెట్టునకు ఏటేట పోసినచో కొమ్మలు గిడసబారును. సమీపమందలి కృషి విజ్ఞాన కేంద్రమువారి నడుగక దీనిని వాడరాదని నా అభిప్రాయము.

నిమ్మయు టమాటయు

నిమ్మ, బత్తాయి జాతులు మన దేశమున ఎక్కువగా ఎండుదలను చూచి పూయును. నేల ఎండి, ఆకు కొంచెము వాడి, మరల తడి తగిలినచో పూత విరియును. దక్కనులో ఈ పూతలకు మృగ్ బహారు, హస్త బహారు అని కార్తెల పేర్లే పెట్టిరి. హస్తలో పూచిన నిమ్మ వేసవిలో కాయ నిచ్చును. వేసవి కాయకే ధర. గూడూరు ప్రాంతపు రైతులు ఈ పూత కొఱకే సెప్టెంబరులో నీరు మాన్పి తోటను ఎండగట్టుదురు. ఋతుపవనము మరలుట ఆలస్యమై, సెప్టెంబరంతయు జల్లులు పడినచో ఎండుదల కుదురదు. పూత తప్పును, వేసవి ధరయు తప్పును. తేదీ వచ్చినదని నీరు మాన్పి ఊరకుండుట చాలదు. బోదెలు తీసి మురుగునీటిని పోనిచ్చుట, పాదులలో నీరు నిలువకుండ చూచుట, ఆకు వాడినదా లేదా యని ప్రతిదినము పరీక్షించుట అవసరము. ఆకు వాడని తోటలో ఎండుదల లెక్క ఇంకను మొదలు కాలేదని తెలియవలెను.

టమాట సంగతి వేఱు. దానికి పూయుటకు చలి యక్కరలేదు గాని, పగటివేడి 35 డిగ్రీలు దాటినను, రాత్రివేడి 25 డిగ్రీలకు తగ్గకున్నను పుప్పొడి చెడి పూలు రాలును. వేడి మిక్కుటమైనచో పండు ఎఱుపెక్కక పసుపుపచ్చగా నుండును. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న మదనపల్లెలో వేసవి టమాట పండుటకు ఆ చల్లదనమే ఆధారము. పల్లపు మండలములవారు ఆ రైతును చూచి అదే తేదీన నాటుట తగదు. ఫిబ్రవరిలోనే ఎండలు ముదురుచున్న యెడల పల్లమున నాటు ముందుకు జరుపవలెను. లేదా నేలపై గడ్డి పఱచి, పైన వలనీడ కట్టుటకు సిద్ధపడవలెను.

చిక్కుడునకు పాత తేదీ, మామిడికి చెట్టు ముదురుదల, నిమ్మకు ఆకు వాడుట, టమాటకు ఊరి వేడి ప్రమాణములని దీనివలన తేలుచున్నది. ఒక్క పంచాంగము ఈ నాలుగింటికిని చాలదు.

పూత చూచి తోట నమ్ముట

ఈ విషయము సాగుతో ముగియదు. మన సభ్యులలో అనేకులు మామిడితోటను పూతమీదనే గుత్తకిచ్చుచున్నారు. పూత ఒక్కమాఱుగా, ఒకే కాలమున వచ్చిన దినములలో ఆ బేరము కొంతవఱకు న్యాయముగా నుండెడిది. నేడు మొదటి పూత నాలుగవ వంతు కొమ్మలకే వచ్చి, మిగిలిన కొమ్మలు నెల దినముల తరువాత పూచుట కలదు. మొదటి విడతను చూచి “పూత పలుచగా నున్నది” అని గుత్తదారు ధర తగ్గించును. అప్పు వాయిదా దగ్గఱ పడిన రైతు ఒప్పుకొనును. రెండవ పూత కాపు గుత్తదారునకు దక్కును. దీనికి మాఱుగా మొదటి పూత నిండుగా వచ్చి, పిమ్మట ఎండకు రాలినచో గుత్తదారు బయానాతో సరిపెట్టి తప్పుకొనును. రెండు విధములను నష్టము రైతుదే. ఋతువుల మార్పువలన కలుగు నష్టములో కొంత ఆకాశమువలన కలుగునది, కొంత మన బేరపు పద్ధతివలన కలుగునది. మొదటిదానిని మనము ఆపజాలము. రెండవదానిని సంఘము ఆపగలదు.

సంఘము చేయవలసిన పనులు

మొదటిది, ప్రతి సంఘ కార్యాలయమునందును ఒక వర్షమాపకమును, హెచ్చుతగ్గుల వేడిని చూపు ఉష్ణమాపకమును ఉంచవలెను. వీని ఖరీదు ఒక పాడియావు ధరలో స్వల్పభాగము. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు గుమాస్తా అంకెలు చూచి పుస్తకములో వ్రాయవలెను. ఒక మిల్లీమీటరు వాన యనగా ఎకరమునకు సుమారు 4,047 లీటర్ల నీరని తెలిసినచో ఆ అంకె రైతునకు వెంటనే పనికివచ్చును.

రెండవది, గ్రామమున అయిదు మామిడిచెట్లను, అయిదు నిమ్మచెట్లను గుర్తువేసి, ఏటేట ఆ చెట్లనే చూచి తేదీలు వ్రాయవలెను. చిగురు వచ్చినది, మొగ్గ కదలినది, తొలిపూవు, నిండుపూత, బఠాణి గింజంత పిందె, తొలికోత అను ఆరు తేదీలు చాలును. మంచి సంవత్సరమున వ్రాయుట మానరాదు. కఱవు సంవత్సరపు లెక్కను పోల్చి చూచుటకు మంచి సంవత్సరపు లెక్కయే కావలెను.

మూడవది, గంధకము మొదలగు సరకులను గిడ్డంగికి తెచ్చు దినమును, స్వల్పకాలపు అప్పు లిచ్చు దినమును పాలకవర్గము ఈ పుస్తకమును ముందుంచుకొని నిర్ణయింపవలెను. తోట అప్పుల వాయిదా పూతకాలమున పడకుండ కోత తరువాత పడునట్లు తీర్మానించుట మిక్కిలి ముఖ్యము.

నాలుగవది, పిందె బఠాణి గింజంత కాకమునుపు ఏ సభ్యుడును తోటను గుత్తకిచ్చుట మానవలెను. పిదప సంఘము ద్వారా అందఱును కలసి వేలము వేయవలెను. ఒక్కడు ఆగినచో గుత్తదారు ప్రక్కతోటకు పోవును. నలువది మంది ఆగినచో ఆయనయే మన గుమ్మమునకు వచ్చును.

కొన్ని ఆక్షేపణలు

“ఇట్టి చెడ్డ సంవత్సరములు పూర్వమును గలవు” అని కొందఱు పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. ఒక్క యేటి పూతను చూచి కాలము మాఱినదనుట తొందరపాటు. పది యేండ్ల లెక్క యున్నగాని చెడ్డ సంవత్సరమేదో, మాఱిన కాలమేదో తెలియదు. పెద్దల సందేహమునకును పుస్తకమే జవాబు.

“చేతిలోని ఫోనులోనే వాతావరణము తెలియుచుండగా ఈ పుస్తక మేల?” అని యువకు లందురు. 2019లో వెలువడిన మేఘదూత్ వంటి సాధనములు రాబోవు వానను గూర్చి చెప్పును, వానిని తప్పక చూడుడు. అయితే మన ఊరి బంగినపల్లి గడచిన యేడు ఎన్ని రాత్రుల చలికి పూచినదో ఏ ఫోనును చెప్పదు. అది చెట్టు క్రింద నిలిచి చూచినవానికే తెలియును.

“మేము వ్రాసినంతమాత్రమున ఆకాశము చల్లబడునా?” అనువారును కలరు. చల్లబడదు. అయితే వాతావరణమును బట్టి చెల్లించు బీమా పరిహారము వచ్చినప్పుడు, వాన ఎప్పుడు పడెనో, పూత ఎప్పుడు రాలెనో తేదీలతో చూపగల సంఘము యొక్క విన్నపమునకును, “ఈ యేడు బాగులేదు” అని మాత్రమే చెప్పగల సంఘము యొక్క విన్నపమునకును భేదము కలదు. బ్యాంకు ఎదుటను, గుత్తదారు ఎదుటను ఈ భేదమే పని చేయును.

మన పూర్వులు కార్తెలను ఊరక వల్లె వేయలేదు. తరతరములు ఆకాశమును, చేనును కలిపి చూచి, చూచినదానిని మాటలలో భద్రపఱచిరి. వారి మాటలను జ్ఞాపక ముంచుకొని, వారు చేసిన పనిని మానివేయుట వారిని గౌరవించుట కాదు. ఈ యేడు మృగశిర ప్రవేశించు దినమునుండి ప్రతి సంఘమునందును ఈ పుస్తకము తెఱచి, మొదటి వాన అంకెను వ్రాయవలెనని పాలకవర్గములను, సభ్యులను కోరుచున్నాను.